రాత్రి డ్యూటీ నిద్ర

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్లు: వాకిట్లో నులక మంచం మీద పోశం తాత, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న సారవ్వ బాపమ్మ, పొయ్యి దగ్గర మా అమ్మ రమ, గోడకు ఆనుకుని టీ తాగుతున్న పక్కింటి సువార్త అత్త, నేను. మా బాపు సదయ్య ఇంకా రాలేదు. గనిలో రాత్రి డ్యూటీ దిగి, అక్కడే ఒళ్లు కడుక్కుని, బండి మీద ఊళ్లోకి వచ్చేసరికి పొద్దు బాగానే ఎక్కుతుంది. నాతోపాటు కొత్తగూడెం నుంచి వచ్చిన ఇనప పెట్టె, పరుపు చుట్ట, ఒక నీలం బకెట్ అరుగు మీద ఉన్నాయి. అవి మనుషులు కావు గానీ ఆ ఉదయం అందరి చూపూ వాటి మీదే ఉంది.

ముందురోజు చీకటి పడ్డాక బస్సు దిగి వచ్చాను. బాపు అప్పటికే డ్యూటీకి తయారవుతున్నాడు. నన్ను చూశాడు, సామాను చూశాడు. "తిని పండుకో బిడ్డా, పొద్దున మాట్లాడుకుందం" అని వెళ్లిపోయాడు. అమ్మ అన్నం పెట్టింది. ఎవరూ ఏమీ అడగలేదు. తెల్లవారాక మాత్రం బాపమ్మ ఆగలేకపోయింది.

"ఏందే యమునా, రెండొద్దుల సెలవుకు బకెట్ ఎందుకు మోసుకొచ్చినవ్?"

"కడుగుదామని" అన్నాను.

"ఏమంటంది?" అన్నాడు తాత. గనిలో ఏళ్ల తరబడి డ్రిల్లు మిషను పట్టిన మనిషి. ఆయన చెవులు ఆ మిషన్‌తోనే పోయాయి.

సువార్త అత్త ఆయన మీదికి వంగింది. "బకెట్ కడుగుదామని తెచ్చిందట కాకా."

"కొత్తగూడెంల నీళ్లు లేవా?"

సువార్త అత్త నవ్వింది. అమ్మ నవ్వలేదు. చేతిలో పిండి ముద్ద అట్లాగే పట్టుకుని నన్ను చూస్తూ ఉండిపోయింది. హాస్టల్ పిల్ల ఎవరైనా సెలవుకు బట్టలు తెచ్చుకుంటుంది. పరుపు, బకెట్ తెచ్చుకుందంటే మళ్లీ పోనని అర్థం. అమ్మకు అది రాత్రే అర్థమైందని నాకు అప్పుడు తెలిసింది.

నేను బీటెక్ మైనింగ్ మొదటి సంవత్సరం, మొదటి సెమిస్టర్. గోదావరిఖనికి కొంచెం అవతల ఉన్న మా ఊరి బడిలో పదో తరగతి దాకా తెలుగులో చదివాను. మా ఇంటి వరుసలో అన్నీ గని ఇళ్లే గానీ, గని గురించి చదవడానికి పోయింది మాత్రం నేనొక్కదాన్నే. ఆడవాళ్లు గనిలోకి దిగే రోజులు ఇప్పుడిప్పుడే వచ్చాయి. సీటు వచ్చిందని తెలిసినప్పుడు తాత తన మంచం మీది నుంచి లేచి, కర్ర పట్టుకుని, చాయ్ హోటల్ దాకా నడిచి వెళ్లి, ఎవరు ఏమంటున్నారో వినపడకపోయినా అందరికీ చెప్పి వచ్చాడు. సువార్త అత్త తన ఇనప పెట్టె ఇచ్చింది. దాని మీద వాళ్లాయన దావీదు మామ పేరు తెల్లరంగుతో రాసి ఉంటుంది. బాపు నన్ను దింపడానికి రాత్రి డ్యూటీ నుంచి అటే బస్టాండుకు వచ్చాడు. నేను హాస్టల్ ఆఫీసు లైనులో నిలబడి ఉంటే ఆయన బయట సిమెంటు బల్ల మీద తువ్వాల ముఖం మీద వేసుకుని నిద్రపోయాడు. చుట్టూ తల్లిదండ్రుల గోల, మైకులో పేర్లు పిలవడం, ఆటోల హారన్లు. నేను లైను వదిలేసి ఆ బల్ల దగ్గర నిలబడి, వచ్చిన వాళ్లందరినీ చేతులతో బతిమాలాను: కొంచెం నెమ్మదిగా, మా బాపు పండుకున్నాడు. కొందరు జాలిగా చూశారు, కొందరు నవ్వారు. నా పేరు పిలిచి పిలిచి మైకు ముందుకు వెళ్లిపోయింది.

అట్లా ఎందుకు చేశానో చెప్పాలంటే మా వరుస గురించి చెప్పాలి.

మా వరుసలో ఎప్పుడూ ఎవరో ఒకరు రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుని ఉంటారు. ఒక వారం మా బాపు, ఆ తర్వాతి వారం దావీదు మామ, ఇంకో వారం మూలింటి ముత్యం కాక. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. అందుకని మా దగ్గర పగలంతా గుసగుసలే. అమ్మ కుక్కర్ కూత పెట్టకముందే దాని మూత మీది బరువును గరిటెతో ఎత్తి పట్టుకుంటుంది. గిన్నెలు బట్ట పరిచి దాని మీద బోర్లిస్తుంది. కూరగాయల అవ్వ ఊరంతా అరుచుకుంటూ వచ్చి మా మలుపు దగ్గర నోరు మూసుకుంటుంది. పెళ్లి ఊరేగింపు వస్తే డప్పులు మా వరుస దాటేదాకా ఆగుతాయి. చిన్నప్పుడు మేం దాగుడుమూతలు ఆడితే దొరికినవాళ్లు అరవకూడదు, చెయ్యి ఎత్తాలి. పిల్లలు గట్టిగా అరుస్తారని నేను బడిలో చేరాకే తెలుసుకున్నాను. మిగతా పిల్లలు బడిలో గొంతు విప్పారు. నాకు మాత్రం అది రాలేదు.

ఈ కట్టుబాటు పెట్టింది మా బాపమ్మే. తాత వయసులో ఉన్నప్పుడు ఒకసారి పక్కింట్లో పెళ్లై పగలంతా నిద్ర లేకుండా పోయిందట. ఆ రాత్రి గనిలో బొగ్గు తొట్లు లాగే ఇనప తాడు దగ్గర ఒక్క క్షణం కునుకు తీశాడు. రెండు వేళ్లు పోయాయి. ప్రాణం పోలేదని అందరూ సంతోషించారు. బాపమ్మ మాత్రం మరునాడే వరుసలో ఇంటింటికీ తిరిగి చెప్పి వచ్చింది. ఆమె మాట ఇప్పటికీ నడుస్తోంది.

హాస్టల్లో మొదటి మధ్యాహ్నం నేను గదిలోకి వెళ్లేసరికి ఒక అమ్మాయి ముఖం నిండా దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. నేను చెప్పులు చేతిలో పట్టుకుని లోపలికి నడిచాను. పెట్టె తెరవలేదు. వరండాలో కూర్చుని అన్నం తిన్నాను. పక్క గదిలో పాటలు పెడితే వెళ్లి దండం పెట్టి ఆపించాను. సాయంత్రం ఆ అమ్మాయి లేచాక అడిగాను, "రాత్రి డ్యూటీనా?" అని. ఆమె పేరు కెరోలిన్. ఖమ్మం వైపు పిల్ల. ఆమెకు నా మాట వినపడక మూడుసార్లు చెప్పించుకుని, అర్థమయ్యాక మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది. ఆ వారమే నాకు సైలెన్సర్ అని పేరు పెట్టింది. మంచి పిల్లే. జ్వరం వస్తే గంజి కాచి పోసింది. కానీ ఆ పేరు హాస్టలంతా పాకింది.

ఇంటికి ఫోన్ చేస్తే ఇటు నేను గుసగుసగా మాట్లాడేదాన్ని, అటు అమ్మ గుసగుసగా మాట్లాడేది, ఎవరో ఒకరు పడుకుని ఉంటారు కాబట్టి. "తిన్నవా" అంటే "తిన్న". "చదువు మంచిగున్నదా" అంటే "మంచిగున్నది". గుసగుసలో అబద్ధం తేలిగ్గా చెప్పొచ్చు. గొంతు వణకదు.

చదువు నిజంగానే బాగుండేది. నాకు కష్టమైంది నోరు విప్పడమే. ప్రతి ఒక్కరం క్లాసు ముందు నిలబడి ఒక విషయం చెప్పాలి. నాకు గనిలోకి గాలి వెళ్లే దారి వచ్చింది. ఒక గని బావి నుంచి లోపలికి దిగిన గాలి ఎట్లా ప్రతి మూలకూ తిరిగి, మనుషుల ఊపిరికి అంది, ఇంకో బావి నుంచి బయటికి వస్తుందో చదివి నాకు ఒళ్లు జలదరించింది. నేల కింద అంత లోతున మా బాపు పీల్చే ప్రతి ఊపిరినీ పైనున్న ఒక ఫ్యాను లాగి పంపుతోంది. ఇంగ్లీషులో అంతా నేర్చుకున్నాను. నిలబడ్డాను. చెప్పాను. వెనక బెంచీల నుంచి "వినపడ్తలేదు" అన్నారు. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అన్నారు. ఎవరో "సైలెన్సర్ తీసి చెప్పు" అన్నారు. క్లాసంతా నవ్వింది.

సారు నవ్వలేదు. "సోమవారం మళ్లీ చెప్పు" అన్నాడు. నేను తల ఊపాను. ఆయన కొంచెం ఆగి, "రేపు గనిలో నీ మాట వినపడకపోతే నష్టపోయేది నువ్వు కాదమ్మా, ఎదుటివాడు. సోమవారం కూడా ఇట్లాగే అయితే, ఈ బ్రాంచి నీకు సరిపడుతుందో లేదో ఇంట్లో మాట్లాడుకో" అన్నాడు. కోపంగా అనలేదు. ఆ మాట నిజమని నాకే అనిపించింది. అందుకే పరుపు చుట్టాను. బకెట్ పట్టుకున్నాను.

ఇదంతా ఆ ఉదయం బాపమ్మకు చెప్పాల్సి వచ్చింది. నేను చెబుతుంటే ఆమె గింజ తీయడం ఆపేసి నా నోటి దగ్గరికి చెవి తెచ్చింది. తాత మధ్య మధ్యలో "ఏమంటంది, ఏమంటంది" అంటున్నాడు. సువార్త అత్త ఒక్కో ముక్కే ఆయనకు అందిస్తోంది.

"క్లాసుల గట్టిగ మాట్లాడలేదట కాకా. పోరగాండ్లు నవ్విండ్రట."

"ఎవల పోరగాండ్లు?"

"గది చెప్పలేదు."

"అడుగు."

"అడిగి ఏం జేస్తవ్ కాకా, కొత్తగూడెం బోయి కొడ్తవా?"

"బస్సు దొరికితే పోత."

బండి చప్పుడు వినిపించింది. బాపు మలుపు దగ్గరే ఇంజను ఆపేసి, తోసుకుంటూ వచ్చాడు. ఎప్పుడూ అంతే. అందరం అలవాటుగా నోళ్లు మూసుకున్నాం. కళ్ల చుట్టూ కాటుక దిద్దినట్టు బొగ్గు ఇంకా ఉంది. ఎంత సబ్బు పెట్టినా అది పోదు. టిఫిన్ డబ్బా అమ్మకిచ్చి నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"ఇయ్యాల రాత్రికి లీవు పెట్టిన" అన్నాడు.

అమ్మ కంగారుగా చూసింది. "పానం బాగలేదా?"

"పానానికేం. నిన్న సామాను జూసినంక ఒకటే ఆలోచన. పోయి లీవు రాసిచ్చి దిగిన." నా వైపు తిరిగాడు. "చెప్పు బిడ్డా. ఏమైంది?"

బాపమ్మే చెప్పింది. సారు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి బాపు తల ఊపాడు.

"సారు తప్పేమన్లేదు. మాట వినబడకుంటె మంది సస్తరు లోపట."

"గట్లయితే అది ఇంట్లనే ఉండనీ" అంది అమ్మ. ఆమె గొంతులో ఏడుపు ఉంది గానీ బయటికి రాలేదు, మా ఇంట్లో ఏడుపు కూడా చప్పుడు చెయ్యదు. "డిగ్రీ జేస్తది. ఖనిలనే జేస్తది."

"దానికి గొంతు లేదని ఎవరన్నరు? మనం తియ్యనిచ్చినమా?" బాపు బాపమ్మ వైపు చూసి, చాలా మెల్లగా, తప్పు చేసిన పిల్లవాడిలా అన్నాడు. "అవ్వా, నీకో మాట జెప్పాలె. కోపం తెచ్చుకోకు. నాకు పండుకుంటె ఏ సప్పుడు ఇనబడదు. అవతల ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగయి ఇల్లు ఊగినా నేను లేవ. కుక్కర్ కూత ఎంత? మీరందరు ఇన్నేండ్లు ఉత్తగనే నోరు మూసుకున్నరు."

నాకు హాస్టల్ ముందు సిమెంటు బల్ల గుర్తొచ్చింది. మైకు, హారన్లు, తువ్వాల కింద కదలని ముఖం.

సువార్త అత్త టీ గ్లాసు కింద పెట్టింది. అమ్మ నోటి మీద కొంగు పెట్టుకుంది. నేను బాపమ్మ ముఖం చూడడానికి భయపడ్డాను. ఆమె మాత్రం చింతపండులో ఇంకో గింజ తీసి పక్కన పడేసింది.

"నాకు ఎర్కలేదనుకున్నవా? నీ గురక ఇనుకుంట కూసునేది నేనే గద."

"మరి?"

"నువ్వు లేస్తవని కాదురా. పొద్దంత ఇల్లు మామూలుగ లొల్లి జేసుకుంటె, నువ్వు గనిల నుంచి పైకొచ్చి లోపట పండుకున్నవని మర్శిపోతం. సప్పుడు జెయ్యకుండ ఉంటె యాదికుంటది. నా కొడుకు ఇయ్యాల కూడ పైకొచ్చిండు, లోపట పండుకున్నడు అని. నీళ్లు తోడినా, గిన్నె తోమినా యాదికుంటది. గందుకు."

నేను పుట్టినప్పటి నుంచి ఈ ఇంట్లో పీలుస్తున్న నిశ్శబ్దం ఇదేనా అనిపించింది. గుడిలో దేవుడి ముందు మనుషులు గొంతు తగ్గిస్తారు కదా, దేవుడు లేస్తాడని కాదు. మా వరుసంతా పగలంతా అట్లా ఉండేది. నేను దాన్ని నా పిరికితనం అనుకున్నాను. కూరగాయల అవ్వ మలుపులో నోరు మూసుకోవడం, డప్పులు ఆగిపోవడం, కుక్కర్ మీది బరువు ఎత్తి పట్టుకున్న అమ్మ చెయ్యి అన్నీ ఒక్కసారిగా వేరే రంగులో కనిపించాయి.

బాపు లేచి నిలబడ్డాడు. "ఇట్ల రా బిడ్డా. నేను లోపట ఏం పని జేస్తనో ఎర్కనా నీకు?"

"షాట్‌ఫైరర్" అన్నాను. బొగ్గు గోడకు వేసిన రంధ్రాల్లో మందు నింపి పేల్చే పని. అది నాకు తెలుసు.

"పేల్చేముందు ఏం జేస్త?"

తెలియదు. పుస్తకంలో హెచ్చరిక ఇవ్వాలని ఒక వాక్యం ఉంది, అంతే.

"అందరు తప్పుకున్నరా లేదా చూస్త. చూసినంక గూడ ఒర్రుత. సీకట్ల ఎవడన్న మూలకు కూసున్నడేమో, ఎవడన్న ఎనుకకు మర్లిండేమో. ఇను."

వాకిలి మధ్యకు నడిచాడు. చేతులు నోటికి అడ్డం పెట్టుకోలేదు. కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి, భుజాలు వదులు చేసి, గాలి కడుపులోకి లాగాడు.

"ఫైరింగ్... జరుగుండ్రి..."

అది అరుపు కాదు. అరుపు అయితే గొంతు చీలుతుంది, చెవులు మూసుకుంటాం. ఇది గోడలా లేచి వాకిలి దాటి, వరుస దాటి, రోడ్డు అవతలి చెరకు రసం బండి దాకా వెళ్లి, అక్కడ కూడా ఆగలేదు. కోళ్లు గంప మీద నుంచి ఎగిరాయి. అరుగు మీద రాగి చెంబు సన్నగా మోగింది. నా అరికాళ్ల కింద నేల కూడా విన్నట్టు అనిపించింది. నాతో పద్దెనిమిదేళ్లుగా "తిన్నవా బిడ్డా" అని చెవిలో చెప్పినట్టు మాట్లాడే మనిషిలో ఇంత గొంతు ఉందని, ప్రతి రాత్రీ ఆయన దాన్ని గనిలో విప్పి, పొద్దున మలుపు దగ్గర ఇంజనుతోపాటు ఆపేసి వస్తున్నాడని నాకు తెలియదు. బాపును మొదటిసారి చూస్తున్నట్టు చూశాను.

అప్పుడు మంచం కిర్రుమంది. పోశం తాత లేచి నిలబడ్డాడు. ఎవరి వైపూ చూడలేదు. కర్ర కూడా పట్టుకోలేదు. గబగబా నడిచి వెళ్లి ఇంటి గోడకు వీపు ఆనించి, తల వంచుకుని, రెండు వేళ్లు లేని చెయ్యితో చెవి మూసుకుని నిలబడ్డాడు. పేలుడు కోసం ఎదురుచూస్తున్నాడు.

మీదికి వంగి చెబితే తప్ప వినపడని చెవులకు అది వినపడింది.

బాపు గబుక్కున వెళ్లి ఆయన భుజం పట్టుకున్నాడు. తాత తల ఎత్తి చుట్టూ చూసి, ఎండ చూసి, మమ్మల్ని చూసి సిగ్గుపడ్డాడు. "పేల్లేదేందిరా?" అన్నాడు. సువార్త అత్త నవ్వబోయి ఏడ్చింది. వరుసలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ముత్యం కాక భార్య కొంగు బిగించుకుంటూ పరిగెత్తుకొచ్చింది, "ఏమైంది, ఎవరికేమైంది" అంటూ.

"ఏం కాలేదు. బిడ్డకు పాఠం జెప్తున్న" అన్నాడు బాపు.

"గింత గట్టి పాఠమా?"

తర్వాత బాపు నా ముందు కూర్చుని ఒక మాట చెప్పాడు. ఆ మాటకు నేను సిద్ధంగా లేను.

"నేను ఇప్పుడు తిని పండుకుంట. పెద్ద నిద్ర పడ్తది. పగటీలి నువ్వు వాకిట్ల నిలబడి, నీ క్లాసుల జెప్పాల్సింది మొత్తం జెప్పు. నన్ను లేపు. లేచిన్ననుకో, రేపు పొద్దున నిన్ను నేనే బస్సెక్కిస్త. లేవలేదనుకో, నీ ఇష్టం. ఇంట్లనే ఉండు. బకెటెందుకు తెచ్చినవని ఒక్కరు అడగరు. నా మీద ఒట్టు."

"నిద్రల నుంచి లేపుడేంది సదయ్యా" అంది అమ్మ భయంగా.

"లీవున్నది గద. రాత్రి పండుకుంట."

"ఇంగ్లీషుల జెప్పాలెనా అన్నా?" అంది సువార్త అత్త.

"క్లాసుల ఎట్ల జెప్తదో గట్ల. నాకు సమజ్ గావాల్నని లేదు. ఇనబడాలె."

మా ఇంట్లో చెయ్యకూడని పని ఒక్కటే ఉంది. దాన్నే నన్ను చెయ్యమంటున్నాడు. నేను బాపమ్మ వైపు చూశాను, ఆమె వద్దంటుందని. ఆమె వద్దంటే బాగుండునని కూడా. బాపమ్మ చింతపండు చాటలోకి ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

బాపు తిన్నాడు. పడుకున్నాడు. కొంతసేపటికి గురక మొదలైంది. మధ్యాహ్నం దాకా నేను వాకిట్లో, క్లాసు కోసం రాసుకున్న కాగితాలు చూడకుండానే మనసులో చెప్పుకుంటూ తిరిగాను. సువార్త అత్త వచ్చి నా పొట్ట మీద అరచెయ్యి పెట్టింది. ఆమె ఆదివారాలు గోదావరిఖని చర్చిలో అందరికన్నా ముందు పాట ఎత్తుకుంటుంది. "గొంతుతోని లాగకు కోడలా. గొంతు కాడి నుంచి పాడిన్నంటె మా పాస్టరయ్యకు మూడో బెంచీ దాకనే ఇనబడ్తది. ఈడికెళ్లి తియ్యి" అని నొక్కింది. ఆమె అక్కడ అంత గట్టిగా పాడుతుందని విన్నాను గానీ, ఇక్కడ ఎప్పుడూ కూనిరాగం తీయడమే విన్నాను. దావీదు మామ పడుకుని ఉంటాడు కదా.

"భయమైతంది అత్తా."

"ఏమంటున్నవ్?"

"భయమైతంది."

"ఇంకోపారి జెప్పు. నాకు ఇనబడలె."

నాకు కోపం వచ్చింది. "భయమైతంది అంటున్న." ఆ మాట నేను అనుకున్నదానికన్నా పెద్దగా బయటికి వచ్చింది. సువార్త అత్త కొంగు సర్దుకుని, "ఆఁ, గిది జర నయం" అంది.

పగటిపూట ఓపెన్‌కాస్టులో, నేలను పైనుంచే తవ్వే ఆ గనిలో, రోజూలాగే బ్లాస్టింగ్ అయింది. నేల కింద నుంచి ఒక దెబ్బ. కిటికీ రెక్కలు గడగడలాడాయి, అటక మీది నుంచి మట్టి రాలింది, గూట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి. అందరం లోపలి గది వైపు చూశాం. గురక ఆగలేదు. ఒక్క క్షణం కూడా తప్పలేదు. ఈ చప్పుడుకు లేవని మనిషిని నేను లేపాలి.

లేపకపోతే ఇంట్లో ఉండిపోవచ్చు. ఎవరూ ఏమీ అనరు, బాపు ఒట్టు వేశాడు, ఆయన మాట తప్పడు. నేను పెదవులు కదిపి ఊరుకుంటే చాలు. అమ్మ చేతి రొట్టెలు, ఈ వాకిలి, ఈ మెత్తని పగళ్లు అన్నీ నావే. సైలెన్సర్ అని పిలిచేవాళ్లు ఉండరు. అదంతా ఒక పక్క ఉంది. ఇంకో పక్క పొద్దున విన్న ఆ గొంతు ఉంది. అది నా లోపల ఇంకా ఆగలేదు. చీకట్లో, ఎవరికీ కనిపించని మూలలో కూర్చున్న మనిషి దాకా వెళ్లే గొంతు. అట్లాంటిది ఒకటి నాలో ఉందో లేదో తెలియకుండా నేను ఈ ఇంట్లో నెమ్మదిగా ఎట్లా బతకగలను?

బాపమ్మ గుమ్మంలోకి వచ్చింది. తాతను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టింది. అమ్మను కూడా రమ్మంది. సువార్త అత్త తనంతట తానే లోపలికి వెళ్లి గోడ పక్కన చతికిలబడింది. ముత్యం కాక భార్య, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు తమ అరుగుల మీదికి వచ్చి నిలబడ్డారు. వాళ్లకెవరు చెప్పారో తెలియదు. వరుస పొడుగునా ఎండ, నిశ్శబ్దం. ఇన్నేళ్లలో అది నాకు అంత పెద్దగా ఎప్పుడూ అనిపించలేదు. అందులో నిలబడితే నా చెవుల్లో నా రక్తమే వినిపిస్తోంది.

"బాపమ్మా" అన్నాను. "నీకు కష్టమనిపియ్యదా?"

ఆమె గడప మీద ఆగింది. "ఎందుకు?"

"ఆయన నిద్ర."

బాపమ్మ వెనక్కి తిరిగి లోపలి గది వైపు చూసింది. మళ్లీ నా వైపు చూసింది. ఆమె కళ్లు చిన్నవి, ఎప్పుడూ ఎండకు మూసినట్టే ఉంటాయి. అప్పుడు మాత్రం బాగా తెరుచుకున్నాయి.

"వాడు పైకొచ్చిండని యాదికుంచుకునుడు నా పని" అంది. "నువ్వు కిందికి దిగేదానివి. నువ్వేడున్నవో నాకు ఇనబడాలె. తాతకు ఇనబడాలె. జెప్పు, మేం లోపట ఉండి ఇంటం."

నేను కాళ్లు కొంచెం ఎడంగా పెట్టాను. భుజాలు వదులు చేశాను. పొట్ట మీద నా అరచెయ్యి నేనే పెట్టుకుని, గాలి అక్కడి దాకా లాగాను, ఇంకా లాగాను, ఇక పట్టనంతగా. మొదటి మాట నాలుక మీదికి వచ్చి నిలబడింది.

బాపమ్మ నా ముఖం మీదే తలుపు వేసింది.